కప్ప పిండాభివృద్ధి: విశాఖ తీరంలోని జాతులు

ఫలదీకరణ జరిగిన కప్ప గుడ్డు కణాలుగా చీలి, మూడు జననస్తరాలుగా సర్దుకుని, తోకకప్పగా బయటపడి, చివరకు తోక లేని కప్పపిల్లగా గట్టెక్కేదాకా సాగే మార్పుల వరసే కప్ప పిండాభివృద్ధి. ఇదంతా తల్లి శరీరానికి బయట, పెంకు లేని గుడ్డులో, పారదర్శకమైన జిగురు పొర చాటున జరుగుతుంది. చేతి భూతద్దం ఉంటే చాలు, గుడ్డు మీద మొదటి గాడి పడటం చూడవచ్చు. వెన్నెముక ఉన్న జంతువుల పిండోత్పత్తి గురించి రెండు శతాబ్దాలుగా తెలిసిన విషయాల్లో పెద్ద భాగం ఉభయచరాల గుడ్ల నుంచే రావడానికి కారణం ఇదే. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ స్థాయి జంతుశాస్త్ర విద్యార్థులు పిండోత్పత్తి శాస్త్రాన్ని మొదలుపెట్టేదీ కప్పతోనే.

వానకాలం, నీరు

విశాఖపట్నానికి ఒకవైపు సింహాచలం, కైలాసగిరి కొండలు, మరోవైపు సముద్రం. కొండల మీద పడిన వాన గెడ్డలుగా దిగి పల్లాల్లో నిలుస్తుంది. 1933లో ప్రారంభమైన ఇన్నర్ హార్బరును తవ్వింది ఆటుపోట్ల నీరు వచ్చిపోయే చిత్తడి నేలలోనే. అలాంటి ఉప్పునీటి పర్రలు కప్పల సంతానోత్పత్తికి పనికిరావు. గుడ్డుకు, తోకకప్పకు ఉప్పు సాంద్రతను తట్టుకునే శక్తి చాలా తక్కువ. ఆగ్నేయాసియా మడ అడవుల్లో ఉండే పీతలు తినే కప్ప వంటి ఒకటి రెండు జాతులు మాత్రమే దీనికి మినహాయింపు. అందువల్ల విశాఖ ప్రాంతంలో కప్పలు పిల్లలు చేసేది మంచినీరు నిలిచే చోట్లలోనే: మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ జలాశయాల అంచులు, కంబాలకొండ అభయారణ్యంలోని వాగులు, అనకాపల్లి జిల్లాలోని కొండకర్ల ఆవ, వరిమడులు, రోడ్డు పక్కన నాలుగు వానలకు నిండే గుంటలు.

వీటిలో చివరివే ఎక్కువ జాతులకు ఇష్టమైనవి. ఏడాది పొడుగునా నీరుండే చెరువులో చేపలుంటాయి, చేపలు గుడ్లను, తోకకప్పలను తినేస్తాయి. కొత్తగా నిండిన గుంటలో ఆ భయం లేదు. అయితే ఆ నీరు ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. కప్ప పిండాభివృద్ధిలో కనిపించే తొందరకు మూలం ఇక్కడుంది. ఉష్ణమండలపు కప్పలు ఒకటి రెండు రోజుల్లో గుడ్డు దాటి బయటపడటం, ఆకలిగా తిని కొద్ది వారాల్లోనే కాళ్లు మొలిపించుకోవడం, నీరు తగ్గేకొద్దీ ఇంకా త్వరపడటం, ఇవన్నీ ఎండిపోయే నీటికి తగ్గట్టు ఏర్పడిన లక్షణాలే.

నైరుతి ఋతుపవనాలు జూన్‌లో వచ్చాక, తొలి భారీ వానతోనే బోదురు కప్పలు బయటికొస్తాయి. గోదురు కప్ప అని కూడా పిలిచే ఈ జాతి శాస్త్రీయ నామం హోప్లోబట్రాకస్ టైగరినస్. పాత పాఠ్యపుస్తకాల్లోని రానా టైగ్రినా ఇదే. జత కట్టే రోజుల్లో మగకప్ప ఒళ్లంతా పచ్చని పసుపు రంగు తిరుగుతుంది, గొంతుకు రెండు పక్కలా నీలి రంగు స్వరకోశాలు ఉబ్బుతాయి. ఒకటి రెండు రాత్రుల్లోనే గుంట నిండా గుడ్లు పడతాయి. విశాఖలో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కూడా వానలు బలంగా ఉంటాయి కాబట్టి కొన్ని జాతులకు మళ్లీ అవకాశం దొరుకుతుంది. నీటి మీద గెంతుతూ పోయే యూఫ్లిక్టిస్ సైనోఫ్లిక్టిస్ మాత్రం నీరు నిలకడగా ఉన్న చోట ఏడాదిలో చాలాకాలం గుడ్లు పెడుతూనే ఉంటుంది. వానలు వెనకబడినప్పుడు తెలుగు పల్లెల్లో కప్పలకు పెళ్లి చేయడం, కప్పతల్లిని మోస్తూ ఇంటింటా నీళ్లు పోయించుకోవడం ఆచారం. వాన కోసం కప్పను వేడుకున్న ఆ జనం, కప్ప బతుకు వానతో ఎంతగా పెనవేసుకుందో బాగా గమనించినవారు.

గుడ్డు, ఫలదీకరణ

మగకప్ప ఆడకప్ప వీపునెక్కి ముందుకాళ్లతో గట్టిగా పట్టుకుంటుంది. పట్టు జారకుండా దాని బొటనవేళ్ల మొదట్లో గరుకు మెత్తలు ఏర్పడతాయి. ఆడకప్ప గుడ్లు విడుస్తూ ఉంటే మగకప్ప వాటి మీద శుక్రకణాలను వదులుతుంది. ఫలదీకరణ నీటిలో, శరీరాల బయట జరుగుతుంది. గుడ్డు పిండంగా మారాలంటే మగకప్ప వీర్యం తగలాల్సిందేనని 18వ శతాబ్దంలో ఇటలీ శాస్త్రవేత్త లాజరో స్పలాంజానీ రుజువు చేశాడు. మగకప్పలకు నూనె రాసిన పట్టు లాగులు తొడిగి, అవి అడ్డుపడితే గుడ్లు ఎదగవని చూపాడు. ఆ లాగుల్లో మిగిలిన ద్రవాన్ని గుడ్లకు తాకించినప్పుడు అవి ఎదిగాయి.

గుడ్డు వ్యాసం చాలా జాతుల్లో ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్లు. పై సగం ముదురు రంగులో ఉంటుంది, అది జాంతవ ధ్రువం. కింది సగం లేత రంగులో, పీతకంతో, అంటే సొనతో, బరువుగా ఉంటుంది, అది శాకీయ ధ్రువం. చుట్టూ ఉన్న జిగురు నీరు తగలగానే ఉబ్బుతుంది. ఈ జిగురు గుడ్లను ఒకదానికొకటి అంటిపెట్టి ఉంచుతుంది, ఎండిపోకుండా, బూజు పట్టకుండా కొంత కాపాడుతుంది. గుడ్లు అప్పుడే పడిన గుంటను పరీక్షగా చూస్తే కొన్ని గుడ్లు నల్లగా, కొన్ని తెల్లగా, అడ్డదిడ్డంగా కనిపిస్తాయి. శుక్రకణం లోపలికి వెళ్లాక గుడ్డు చుట్టూ ఉన్న పొర పైకి లేచి, లోపలి గుడ్డు స్వేచ్ఛగా తిరగగలుగుతుంది. కొద్ది నిమిషాల్లోనే పీతకం బరువుకు తెల్లని వైపు కిందికి దిగి, గుడ్లన్నీ నల్లని వైపును పైకి తిప్పుకుంటాయి. ఫలదీకరణ జరిగిందనడానికి కంటికి కనిపించే మొదటి గుర్తు ఇది. ఫలదీకరణ జరగని గుడ్లు ఎటు పడితే అటు తిరిగే ఉండి తర్వాత చెడిపోతాయి.

శుక్రకణం జాంతవ అర్ధభాగంలోనే ప్రవేశిస్తుంది. ఒకటి దూరగానే గుడ్డు పొర విద్యుదావేశం క్షణాల్లో మారి మరో కణాన్ని రానివ్వదు. ఆ తర్వాత జరిగేది పిండ జీవితంలో అతి ముఖ్యమైన కదలిక. గుడ్డు వెలుపలి పొర లోపలి పదార్థం మీద సుమారు 30 డిగ్రీలు జరుగుతుంది. శుక్రకణం దూరిన చోటుకు సరిగ్గా ఎదుటి పక్కన, మధ్యరేఖ దగ్గర, బూడిదరంగు నెలవంక ఒకటి కొన్ని జాతుల్లో స్పష్టంగా కనిపిస్తుంది. పిల్లకు వీపు ఎటు వస్తుందో, కడుపు ఎటు వస్తుందో దీంతో తేలిపోతుంది. నెలవంక పక్క వీపు అవుతుంది. అతినీల లోహిత కిరణాలతో ఈ జరుగుడును ఆపేస్తే తల, వెన్ను లేని మాంసపు ముద్ద వంటి పిండం తయారవుతుంది. అదే గుడ్డును సకాలంలో ఒక పక్కకు వంచి ఉంచితే మామూలు పిల్ల వస్తుంది. అంటే వీపును నిర్ణయించే పదార్థాలు గుడ్డులో ముందే ఉన్నాయి, వాటిని తగిన చోటుకు చేర్చడమే జరగాల్సిన పని.

విదళనం

గుడ్డు కణాలుగా చీలడమే విదళనం. మొదటి గాడి జాంతవ ధ్రువం దగ్గర మొదలై నిలువుగా కిందికి దిగుతుంది. రెండోది కూడా నిలువే, మొదటిదానికి లంబంగా. మూడోది అడ్డంగా, మధ్యరేఖకు కొంచెం పైన పడుతుంది. దీంతో పైన నాలుగు చిన్న కణాలు, కింద నాలుగు పెద్ద కణాలు మిగులుతాయి. పీతకం నిండిన భాగంలో గాడి నెమ్మదిగా సాగుతుంది కాబట్టి ఈ తేడా చివరిదాకా ఉంటుంది. గుడ్డు మొత్తం చీలినా అసమంగా చీలుతుంది. కణాల ముద్దను మారులా అని, లోపల కుహరం ఏర్పడ్డాక బ్లాస్టులా అని అంటారు. ఈ కుహరం పై సగంలో ఉంటుంది. కణాలు తర్వాత లోపలికి జరగడానికి చోటు ఇదే.

ఈ దశలో పిండం పెరగదు. కొత్త పదార్థం ఏదీ చేరదు, ఉన్న గుడ్డే ముక్కలవుతుంది. దక్షిణాఫ్రికాకు చెందిన జెనోపస్ లేవిస్‌లో మొదటి విభజనకు గంటన్నర పడుతుంది. ఆ తర్వాతివి దాదాపు అరగంటకు ఒకటి చొప్పున జరుగుతాయి. పన్నెండు విభజనలు అయ్యేదాకా పిండం తన జన్యువులను దాదాపు వాడుకోదు, తల్లి గుడ్డులో దాచిన సరుకుతోనే నడుస్తుంది. సుమారు 4,000 కణాల దగ్గర విభజన వేగం తగ్గి, పిండం సొంత జన్యువులు పని మొదలుపెడతాయి. ఈ మలుపును న్యూపోర్ట్, కిర్ష్‌నర్ 1982లో వివరించారు. ప్రపంచంలోని ప్రయోగశాలల్లో జెనోపస్ ఇంతగా పాతుకుపోవడానికి ఒక కారణం వైద్యం. గర్భవతి మూత్రం ఎక్కిస్తే ఈ ఆడకప్ప గంటల్లో గుడ్లు పెడుతుంది. 1930ల నుంచి గర్భనిర్ధారణకు ఆసుపత్రులు దీన్ని పెంచాయి, కాలంతో పని లేకుండా గుడ్లిచ్చే కప్ప పిండ శాస్త్రజ్ఞులకూ దొరికింది.

గాస్ట్రులా

బూడిదరంగు నెలవంక ఉన్న చోటికి దిగువన ఒక చిన్న గీత కనిపించడంతో గాస్ట్రులా దశ మొదలవుతుంది. ఆ గీత పై అంచును పృష్ఠపు పెదవి అంటారు. బయటి కణాలు ఈ పెదవి మీదుగా మడిచిపెట్టుకుని లోపలికి జారతాయి. పై భాగపు నల్లని కణాలు పలచబడి, విస్తరించి, తెల్లని పీతక కణాలను కప్పుకుంటూ కిందికి దిగుతాయి. గీత వంపు తిరిగి వలయమవుతుంది. వలయం మధ్యలో ఇంకా కప్పబడని పీతకం తెల్లని చుక్కగా మిగులుతుంది, దాన్నే పీతక పిధానం అంటారు. ప్రయోగశాల స్లైడుల్లో విద్యార్థి తేలిగ్గా గుర్తుపట్టేది ఈ దశనే. క్రమంగా చుక్క లోపలికి పోయి రంధ్రం మూసుకుపోతున్నట్టు కనిపిస్తుంది. ఆ తావులో తర్వాత మలద్వారం వస్తుంది. లోపల ఏర్పడిన కొత్త కుహరం ఆద్యాంత్రం, అంటే రాబోయే ఆహారనాళం. పాత కుహరం ఒక పక్కకు నెట్టబడి మాయమవుతుంది.

దశ పూర్తయ్యేసరికి మూడు జననస్తరాలు వాటి వాటి చోట్ల ఉంటాయి. బయట ఉన్న బహిస్త్వచం నుంచి చర్మపు పైపొర, నాడీ వ్యవస్థ వస్తాయి. నడుమ ఉన్న మధ్యస్త్వచం పృష్ఠవంశానికి, కండరాలకు, ఎముకలకు, గుండెకు, మూత్రపిండాలకు మూలం. లోపలి అంతస్త్వచం పేగు లోపలి పొరను, కాలేయాన్ని, ఊపిరితిత్తుల లోపలి పొరను ఇస్తుంది. ఏ ప్రాంతపు కణాలు ఏ అవయవానికి చేరతాయో వాల్టర్ ఫోగ్ట్ 1920లలో బతికున్న పిండాల మీద రంగు చుక్కలు పెట్టి, అవి ఎటు జరుగుతున్నాయో వెంబడించి పటం గీశాడు.

పిండంలోని ఒక్కో భాగానికి దాని భవిష్యత్తు ముందే రాసి ఉంటుందా, పొరుగు కణాలు నిర్ణయిస్తాయా అన్న వాదం ఈ గుడ్ల మీదే నడిచింది. 1888లో విల్‌హెల్మ్ రూ రెండు కణాల దశలో ఒకదాన్ని కాల్చిన సూదితో చంపితే సగం పిండమే వచ్చింది. చచ్చిన కణాన్ని తొలగించకుండా అలాగే అంటి ఉండనివ్వడం వల్ల అలా జరిగిందని తర్వాత తెలిసింది. రెండు కణాలను పూర్తిగా వేరు చేస్తే, నెలవంక రెండింటికీ పంచి ఉన్నప్పుడు, రెండు పూర్తి పిల్లలు వస్తాయి. 1924లో హాన్స్ స్పీమన్, హిల్డా మాంగోల్డ్ కప్పకు దగ్గరి చుట్టమైన న్యూట్ పిండం నుంచి పృష్ఠపు పెదవిని కోసి మరో పిండం కడుపు పక్కన అతికించారు. అక్కడ రెండో వెన్ను, రెండో నాడీనాళం లేచాయి. అందులో చాలా భాగం అతికించిన ముక్క నుంచి కాక, ఆతిథ్యమిచ్చిన పిండం కణాల నుంచే తయారైంది. ఆ ముక్కకు నిర్వాహకం అని పేరు. మాంగోల్డ్ ఆ ఏడాదే అగ్నిప్రమాదంలో చనిపోయింది, స్పీమన్‌కు 1935లో నోబెల్ వచ్చింది. నిర్వాహకం విడుదల చేసే నాగిన్, కార్డిన్ అనే ప్రోటీన్లను జెనోపస్‌లో గుర్తించింది 1990లలో.

నాడీనాళం నుంచి పొదిగేదాకా

వీపు మీది బహిస్త్వచం మందమై నాడీఫలకం అవుతుంది. అంచులు మడతలుగా లేచి, దగ్గరికి వచ్చి, కలిసిపోయి నాడీనాళం ఏర్పడుతుంది. ముందు భాగం మెదడు, మిగతాది వెన్నుపాము. మడతలు కలిసిన చోటి నుంచి విడిపోయిన నాడీశిఖర కణాలు దూరదూరాలకు వలసపోయి చర్మపు రంగుకణాలను, తలలోని మృదులాస్థిని, కొన్ని నాడీకణాలను తయారుచేస్తాయి. నాళం కింద పృష్ఠవంశం కడ్డీలా సాగుతుంది, దాని పక్కల మధ్యస్త్వచం ఖండాలుగా తెగుతుంది. అప్పటిదాకా గుండ్రంగా ఉన్న పిండం పొడవై, తోకమొగ్గ తొడుగుతుంది. గుండె కొట్టుకుంటుంది, కండరాలు అదురుతాయి.

తల ముందు భాగంలోని గ్రంథులు విడిచే ఎంజైములు పొరను కరిగిస్తాయి, పిండం జిగురులోంచి బయటపడుతుంది. ఐరోపా సాధారణ కప్ప గుడ్డుకు చల్లని నీటిలో ఈ పనికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. విశాఖ వానకాలపు వెచ్చని గుంటలో బోదురు కప్ప గుడ్డుకు ఒకటి రెండు రోజులు చాలు. అప్పుడే బయటపడిన పిల్లకు నోరు తెరుచుకోదు. గదవ కింది జిగురు గ్రంథితో గడ్డిపరకకో జిగురుకో అంటుకుని, మిగిలిన పీతకంతో బతుకుతుంది, బాహ్య మొప్పలతో ఊపిరి పీలుస్తుంది. కొద్ది రోజుల్లో నోరు తెరుచుకుంటుంది, చర్మపు మడత ఒకటి మొప్పలను కప్పేస్తుంది, నీరు బయటికి పోయే రంధ్రం చాలా జాతుల్లో ఎడమ పక్కన ఒక్కటే మిగులుతుంది.

అమెరికా శాస్త్రవేత్త కెన్నెత్ గాస్నర్ 1960లో ఈ ప్రయాణాన్నంతా 46 దశలుగా విభజించాడు. జాతి ఏదైనా వాడుకోవడానికి వీలైనది కాబట్టి భారతీయ పరిశోధకులు ఎక్కువగా పాటించేది దీన్నే. జెనోపస్‌కు మాత్రం న్యూకోప్, ఫేబర్ 1956లో ఇచ్చిన 66 దశల పట్టిక ఉంది.

జాతుల మధ్య తేడాలు

పాఠ్యపుస్తకం ఒకే కప్పను చూపుతుంది. గుంటలో దృశ్యం వేరు. ఇళ్ల దగ్గర దీపాల కింద పురుగుల కోసం చేరే గరుకు చర్మపు కప్ప డట్టాఫ్రినస్ మెలనోస్టిక్టస్ గుడ్లు జంట దండల్లా, మీటర్ల పొడవున జిగురు తాళ్లలో వరసగా ఉంటాయి. వాటి తోకకప్పలు నల్లగా, గుంపులుగా తిరుగుతాయి. తోడబుట్టిన పిల్లలను అవి గుర్తుపట్టి దగ్గర చేరతాయని ధార్వాడలోని కర్ణాటక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. బోదురు కప్ప పిల్లలు ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. అవి మాంసాహారులు, తోటి తోకకప్పలను, సొంత జాతివాటిని కూడా తింటాయి. ఎండిపోయే గుంటలో త్వరగా ఎదగడానికి ఇంతకన్నా దగ్గరి తిండి లేదు.

మైక్రోహైలా ఆర్నేటా అనే బుల్లి కప్ప గుడ్లు నీటి మీద పలచని పొరలా తేలుతాయి. దాని తోకకప్ప ఒళ్లు అద్దంలా పారదర్శకం, లోపలి పేగు చుట్టలు బయటికే కనిపిస్తాయి. మిగతా తోకకప్పల్లా నాచును గీకే కొమ్ము ముక్కు, పళ్ల వరసలు దానికి లేవు, నీటిని వడగట్టి సూక్ష్మజీవులను తింటుంది. చెట్టుకప్ప పాలిపెడేట్స్ మాక్యులేటస్ అసలు నీటిలోనే గుడ్లు పెట్టదు. నీటికి పైన కొమ్మకో తొట్టె గోడకో జిగురును వెనక కాళ్లతో చిలికి నురుగు గూడు కడుతుంది. నురుగు పైపొర ఎండి గట్టిపడుతుంది, లోపల తడి నిలుస్తుంది. పిల్లలు కొన్ని రోజులకు గూటిలోంచి కింది నీటిలోకి రాలుతాయి. పిండాభివృద్ధిలో అన్నిటికంటే నిస్సహాయమైన రోజులను చేపలకు, తూనీగ పిల్లలకు అందని చోట గడిపించే ఏర్పాటు ఇది.

రూపవిక్రియ

తోకకప్ప కప్పగా మారడమే రూపవిక్రియ. ఇందులో మొదట కనిపించేవి వెనక కాళ్లు. ముందుకాళ్లు కూడా అప్పటికే పెరుగుతుంటాయి గానీ మొప్పల మడత చాటున ఉంటాయి, గాస్నర్ పట్టికలోని 42వ దశలో చర్మాన్ని చీల్చుకుని బయటికొస్తాయి. ఆ తర్వాత మార్పులు రోజుల వ్యవధిలో జరిగిపోతాయి. నోరు వెడల్పవుతుంది, కొమ్ము ముక్కు ఊడిపోతుంది, పొడవాటి పేగు బాగా కురచబడుతుంది, మొప్పలు పోయి ఊపిరితిత్తులు పని అందుకుంటాయి. వ్యర్థ నైట్రోజన్‌ను అమ్మోనియాగా వదిలిన శరీరం యూరియాగా వదలడం నేర్చుకుంటుంది. తోక ఊడి పడిపోదు. దాని కణాలు చచ్చి, కరిగి, పదార్థం శరీరంలోకే చేరుతుంది. నోరు మారుతున్నందువల్ల తినలేని ఆ రోజుల్లో కప్పపిల్లకు కొంత ఆధారం ఆ తోకే.

వీటన్నిటినీ నడిపేది అవటు గ్రంథి హార్మోను. 1912లో గుడెర్నాచ్ తోకకప్పలకు గుర్రం అవటు గ్రంథిని తినిపిస్తే అవి వేళకు ముందే బుల్లి కప్పలయ్యాయి. గ్రంథిని తీసేస్తే తోకకప్ప తోకకప్పగానే పెద్దదవుతుందని బెనెట్ అలెన్ చూపాడు. ఒకే హార్మోను తోక కణాన్ని చంపుతుంది, కాలు కణాన్ని పెంచుతుంది. తేడా కణంలో ఉంది, హార్మోనులో లేదు. గుంట ఎండుతున్నప్పుడు ఒత్తిడి హార్మోన్లు దీనికి తోడై మార్పును ముందుకు నెడతాయి. అలా బయటపడ్డ పిల్ల చిన్నదిగా ఉంటుంది, బతికే అవకాశం తగ్గుతుంది, కానీ గుంటలో ఎండి చావడం తప్పుతుంది. బోదురు కప్పకు గుడ్డు నుంచి గట్టుదాకా సుమారు ఐదారు వారాలు.

ఈ దశ మీద తూర్పు తీరంలోనే ఒక అరుదైన పరిశోధన జరిగింది. భువనేశ్వర్‌లోని ఉత్కళ్ విశ్వవిద్యాలయంలో ప్రియంబద మొహంతి హెజ్మడి, సుశీల్ కుమార్ దత్తా, మహాపాత్ర నేలలో బొరియలు చేసుకుని ఉండే బెలూన్ కప్ప యూపెరోడాన్ సిస్టోమా తోకకప్పల తోకలు కోసి, వాటిని విటమిన్ ఎ కలిపిన నీటిలో ఉంచారు. తోక మొలవాల్సిన చోట కాళ్లు మొలిచాయి. 1992లో నేచర్ పత్రికలో ఇది వెలువడింది. ఒక అవయవం తావులో మరో అవయవం లేవడం వెన్నెముక ఉన్న జంతువులో అంత స్పష్టంగా కనబడటం పిండ శాస్త్రంలో పెద్ద వార్త. ఈ కప్ప ఆంధ్ర నేలల్లోనూ ఉంది. గరుకు చర్మపు కప్పకు ఇప్పుడున్న డట్టాఫ్రినస్ అనే ప్రజాతి పేరు ఈ దత్తా గౌరవార్థం పెట్టిందే.

కప్ప కణం నుంచి వచ్చిన మరో ఫలితం అంతకన్నా ముందుది. 1962లో జాన్ గర్డన్ తోకకప్ప పేగు కణం కేంద్రకాన్ని, కేంద్రకం తీసిన జెనోపస్ గుడ్డులో పెట్టి ఈదే తోకకప్పలను రప్పించాడు. ఎదిగిన కణంలో కూడా జన్యు సమాచారమంతా చెక్కుచెదరకుండా ఉంటుందని దీంతో తేలింది. 2012లో ఆయనకు నోబెల్ దక్కింది.

పిండాలకు ముప్పు

పెంకు లేకపోవడం చూసేవారికి ఎంత సౌకర్యమో, పిండానికి అంత ప్రమాదం. నీటిలో కరిగినదేదైనా జిగురు దాటి లోపలికి చేరగలదు. జెనోపస్ పిండాలను 96 గంటలు ఒక రసాయనంలో ఉంచి, చచ్చినవాటిని, వంకర తిరిగినవాటిని లెక్కించి ఆ రసాయనపు విషగుణాన్ని అంచనా వేసే పరీక్ష అంతర్జాతీయంగా వాడుకలో ఉంది. పొలాల పురుగుమందులు, కర్మాగారాల భార లోహాలు చేరే నీటిలో కప్ప పిండాలకు ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి ఇది మంచి దారి. ఓడరేవు, ఉక్కు కర్మాగారం, చమురు శుద్ధి కర్మాగారం ఒకే ఊళ్లో ఉన్న విశాఖకు ఇలాంటి పరీక్షల అవసరం ఎక్కువ. పల్లాలను పూడ్చి కట్టడాలు లేపడం, గెడ్డలకు సిమెంటు గోడలు కట్టడం మరో నష్టం. దోమల నివారణకు వదిలే గంబూసియా చేపలు దోమ పిల్లలతో పాటు కప్ప గుడ్లను, లేత తోకకప్పలను కూడా తింటాయి. చేపలు లేని గుంట అనే ఆసరా దీంతో పోతుంది.

బోదురు కప్పకు ఒకప్పుడు వేరే దెబ్బ తగిలింది. కప్పకాళ్లను ఐరోపాకు, అమెరికాకు ఎగుమతి చేసే వ్యాపారం కోసం దేశంలో ఈ కప్పలను భారీగా పట్టేవారు. పట్టేది ఎక్కువగా వానకాలంలో, జత కట్టడానికి గుంటల దగ్గర చేరినప్పుడు. కాళ్ల బరువు కోసం ఏరేది పెద్ద కప్పలను, వాటిలో ఒక్కో ఆడకప్ప కడుపులో వేల గుడ్లుంటాయి. 1985లో ఈ జాతిని అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చారు, 1987లో భారత ప్రభుత్వం కప్పకాళ్ల ఎగుమతిని నిషేధించింది.